హెచ్-4 కార్డు మీద కూరగాయల సాగు: కోతల మధ్యలో గడువు తీరుతోంది, ఏం చేయాలి?

గోంగూర మడి · ఎల్లిస్ కౌంటీ, టెక్సస్ · 2026 జనవరి 11

అందరికీ నమస్కారం. ఈ చర్చావేదికలో మీరు రాసేవి ఏళ్ళుగా చదువుతున్నాను గాని, నేను రాయడం ఇదే మొదలు. డాలస్‌కు దక్షిణాన ఎల్లిస్ కౌంటీలో నాలుగెకరాలు కౌలుకు తీసుకుని 2021 నుండి కూరగాయలు పండిస్తున్నాను. గోంగూర ప్రధానం, దానితోపాటు తోటకూర, బెండ, బీర, దోస, వంగ వేస్తాను. మావారు హెచ్-1బి అనే తాత్కాలిక ఉద్యోగ వీసా మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నారు. ఆయన కంపెనీ గ్రీన్‌కార్డు కోసం వేసిన ఐ-140 పిటిషనుకు ఆమోదం వచ్చింది, ఇబి-2 అనే ఉద్యోగ వర్గంలో మా ప్రయారిటీ తేదీ, అంటే గ్రీన్‌కార్డు వరుసలో మా చోటు చెప్పే తేదీ, 2015 మార్చి. నాకు ఆయన భార్యగా వచ్చిన హెచ్-4 వీసా, దాని మీద వచ్చిన ఇఎడి అనే పని అనుమతి కార్డు ఉన్నాయి. కౌలు పత్రం, బ్యాంకు ఖాతా, దుకాణాలకు వేసే బిల్లులు అన్నీ నా పేరు మీదే నడుస్తున్నాయి.

మావారి హెచ్-1బి, నా కార్డు, ఎప్పటిదాకా దేశంలో ఉండవచ్చో చెప్పే మా ఐ-94 పత్రాలు అన్నీ ఈ ఆగస్టు 31తో ముగుస్తాయి. ఏప్రిల్‌లో వేసిన గోంగూర జూన్ నుండి కోతకు వస్తుంది. పొద్దు తగ్గి అక్టోబరులో పూత పట్టేదాకా కోసిన కొద్దీ చిగురిస్తూనే ఉంటుంది. తెల్లవారుజామున ఐదు గంటలకు తలకు దీపం కట్టుకుని చేనులో దిగితే ఎండ ముదిరేలోపల రెండు వందల కట్టలు కోసి, రబ్బరు బ్యాండ్లు వేసి, చల్లటి నీళ్ళ తొట్టిలో ముంచి లేపి డబ్బాల్లో సర్దాలి. ముంచడం కాస్త ఆలస్యమైతే ఆకు వాలిపోతుంది, వాలిన ఆకును దుకాణం వారు తీసుకోరు. నా కార్డు వచ్చేదాకా ఆగమంటే ఆకు ఆగదు కదా.

నా సందేహాలు మూడు. సెప్టెంబరు 1 నాటికి కొత్త కార్డు చేతికి రాకపోతే చేనులో నిలబడి ఉన్న పంటను ఏం చేయాలి? శని, ఆదివారాల్లో మావారు చేనులో సాయం చేస్తే తప్పవుతుందా? ఒక లాయరు ఆఫీసులో "ఇంటావిడకు సాయమే కదా, ఫరవాలేదు" అన్నారు. మరొకచోట అసలు గేటు లోపలికే రావద్దన్నారు. ఇక మూడవది, భూమి యజమాని పెద్దవాడయ్యాడు, ఈ నాలుగెకరాలతో కలిపి ఎనిమిదెకరాలు అమ్ముతానంటున్నాడు. గ్రీన్‌కార్డు రాకముందే కొనడం మంచిదేనా? మా వారి అక్కగారి భర్త ఇక్కడి పౌరుడు. ఆయన పేరున కొనమని కొందరు బంధువులు సలహా ఇస్తున్నారు.

పాతకాపు · న్యూజెర్సీ · జనవరి 11

అమ్మా, ముందు తేదీల సంగతి చూద్దాం, మిగిలినవన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. హెచ్-1బి పొడిగింపును గడువుకు ఆరు నెలల ముందు నుండి వేయవచ్చు. కనుక మార్చి మొదటి వారంలోనే మీ వారి పొడిగింపు కోసం ఐ-129, మీ హెచ్-4 కోసం ఐ-539, మీ కార్డు కోసం ఐ-765 మూడూ కలిసి వెళ్ళేలా కంపెనీ లాయరుకు ఇప్పుడే చెప్పి ఉంచండి. ఐ-140 ఆమోదం ఉన్నందువల్ల మూడేళ్ళ పొడిగింపు అడగవచ్చు. త్వరగా చూడమని ప్రీమియం రుసుము కట్టినా అది మీ వారి దరఖాస్తుకే వర్తిస్తుంది, మీ రెండింటికీ వర్తించదు. 2023 జనవరిలో ఒక దావాలో కుదిరిన రాజీ వల్ల రెండేళ్ళపాటు భార్యాభర్తల దరఖాస్తులను కలిపి చూశారు గాని, ఆ రాజీ గడువు 2025 జనవరితో తీరిపోయింది.

కొత్త కార్డు వచ్చేదాకా పాతదే 540 రోజుల వరకు చెల్లే ఆటోమేటిక్ పొడిగింపు 2025 అక్టోబరు 30 నుండి వేసే రెన్యూవల్ దరఖాస్తులకు రద్దయింది కనుక చాలామంది హెచ్-4 వారు కంగారు పడుతున్నారు. అయితే ఆ 540 రోజుల సౌకర్యం హెచ్-4 వారికి చెల్లుబాటయ్యే ఐ-94 చేతిలో ఉన్నంతవరకే అక్కరకు వచ్చేది. కార్డు, ఐ-94 ఒకే రోజున ముగిసే మీలాంటివారిని అది మొదటి నుండీ ఆదుకోలేదు. కాబట్టి పోయినదాని గురించి బాధపడకుండా, వీలైనంత తొందరగా వేయడం ఒక్కటే మార్గమని తెలుసుకోండి.

హెచ్-4 పని అనుమతి నిబంధనే ఎగిరిపోతుందేమోనన్న భయం కూడా కొందరిలో ఉంది. అది 2015 మే 26న అమలులోకి వచ్చింది. దాని మీద ఏళ్ళ తరబడి నడిచిన దావాను 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు వినడానికి నిరాకరించింది. ప్రస్తుతానికి నిబంధన నిలిచే ఉంది.

కృష్ణా కాలువ · నార్త్ కరోలినా · జనవరి 12

చెల్లెమ్మా, మీ సాగు గురించి చదువుతుంటే ఎంతో సంతోషంగా ఉంది. రెండవ సందేహం విషయంలో మాత్రం మనం మరీ భయపడుతున్నామని నా అభిప్రాయం. భార్య బరువు మోస్తుంటే భర్త ఒక చెయ్యి వేయడాన్ని ఏ చట్టమైనా ఉద్యోగం అంటుందా? ఆయనకు జీతం లేదు, చెక్కు లేదు, పేరు లేదు. మా ఊళ్ళో నాట్లప్పుడు ఇరుగుపొరుగువారు బదులుకు వెళ్ళేవారు, దాన్ని ఎవరూ కూలి అనలేదు. చేనులో దిగడానికి ఇష్టం లేకపోతే పోనీ, సాయంత్రం ఇంట్లో కూర్చుని వాట్సాప్‌లో వచ్చే ఆర్డర్లు చూడడం, చిన్న వెబ్‌సైటు తయారుచేసి ఇవ్వడం వంటివి ఆయన చేయవచ్చు కదా.

పాతకాపు · జనవరి 12

అన్నగారూ, మీరు చెప్పినది మనసుకు న్యాయంగానే ఉంది గాని చట్టం లెక్క వేరు. హెచ్-1బి అంటే ఫలానా యజమాని దగ్గర, ఫలానా పనికి ఇచ్చిన అనుమతి. దాని బయట చేసే పనికి డబ్బు ముట్టకపోయినా, అమ్మకం కోసం నడిచే సేద్యంలో చెయ్యి వేస్తే అది అనుమతి లేని పని కిందికి వచ్చే ప్రమాదం ఉంది. పెరట్లో ఇంటి వాడకానికి నాలుగు వంగమొక్కలు పెంచుకుంటే అడిగేవారు లేరు. ఆ వంకాయలు దుకాణానికి తూకం వేసి ఇచ్చిన రోజున అది వ్యాపారం. వెబ్‌సైటు, ఆర్డర్లు, డబ్బాలు చేరవేయడం ఇవన్నీ కూడా ఆ వ్యాపారపు పనులే. ఇంట్లో కూర్చుని చేసినంత మాత్రాన అవి మారిపోవు.

రేపు గ్రీన్‌కార్డు కోసం ఐ-485 అనే చివరి దరఖాస్తు వేసేటప్పుడు ఆ ఫారంలో అమెరికాలో ఎప్పుడైనా అనుమతి లేకుండా పని చేశారా అని సూటిగా అడుగుతారు. దానికి ప్రమాణం చేసి జవాబు రాయాలి. ఉద్యోగ వర్గాలవారికి 245(కె) అనే వెసులుబాటు ఉన్నమాట నిజమే. చివరిసారి సక్రమంగా దేశంలోకి వచ్చినప్పటి నుండి 180 రోజులు మించని తప్పులను అది మన్నిస్తుంది. కాని ఆ లెక్కలో గంట పని చేసిన రోజు కూడా పూర్తి రోజే. పైగా అది గ్రీన్‌కార్డు దరఖాస్తు దగ్గర పనికొచ్చే మన్నింపు. దానికి ముందే హెచ్-1బి పొడిగింపు సమయంలో హోదా నిలబెట్టుకున్నారా అన్న ప్రశ్న వస్తే అది కాపాడదు. ఆవిడ అడిగిన రెండు సలహాల్లో రెండవ లాయరుది కాస్త కటువుగా ఉన్నా అదే క్షేమమైనది.

గట్టు మీద · ఎల్లిస్ కౌంటీ, టెక్సస్ · జనవరి 13

ఈ చర్చ మొదలుపెట్టిన ఆవిడ భర్తను నేను. కృష్ణా కాలువ గారి మాటలు చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

మాది పల్నాడు. మా నాన్న ఇప్పటికీ మిర్చి వేస్తారు. కాలేజీకి వెళ్ళేదాకా ఏ వేసవి సెలవులూ నేను చేను దాటి గడపలేదు. మా ఆవిడ పుట్టింటివాళ్ళు ఉద్యోగస్థులు. ఆమె పెళ్ళయ్యేదాకా పార పట్టి ఎరుగదు. ఈ రోజు ఆమె దోసకాయల డబ్బా రెండు చేతులా ఎత్తి ట్రక్కులో పెడుతుంటే నేను గేటు బయట కారులో పిల్లల హోంవర్కు చూస్తూ కూర్చుంటాను. ఐదేళ్ళుగా కూర్చుంటున్నాను. నేను చేయగలిగినది ఇంట్లో ఉంది. వంట, గిన్నెలు, బట్టలు, పిల్లల బడి, ఇవన్నీ నావే. ఆమె ఇంటికి వచ్చేసరికి వేడి అన్నం ఉండాలన్నది నేను పెట్టుకున్న నియమం.

2024 వేసవిలో నాన్న విజిటరు వీసా మీద వచ్చారు. మొదటి రోజునే చేనుకు తీసుకువెళ్ళాము. ఆగస్టు నెల, నేల చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చి ఉంది. ఆయన గట్టు మీద గొంతుక్కూర్చుని ఒక బెడ్డ తీసి అరచేతిలో నలిపి, వేళ్ళ మధ్య రాసి చూసి, "ఇది మన రేగడే రా" అన్నారు. ఆయన మాట అక్షరాలా నిజం. డాలస్ చుట్టుపక్కల నుండి శాన్ ఆంటోనియో దాకా సాగే ఈ నల్లనేల, మన గుంటూరు వైపు నల్లరేగడి, రెండూ మట్టి శాస్త్రంలో వర్టిసాల్ అనే ఒకే జాతికి చెందినవి. తడిస్తే బంకలా పట్టుకుంటుంది, ఎండితే బీటలు వారుతుంది. ఆ మాట అన్నాక ఆయన వంగ సాలులోకి దిగి కలుపు పీకడం మొదలుపెట్టారు. పామర్ అమరాంత్ అని ఇక్కడి పత్తి రైతులు భయపడే అడవి తోటకూర అది, మన తోటకూర కుటుంబానిదే. నేను గేటు దగ్గర నుండి కేకేసి వద్దన్నాను. విజిటరు వీసా మీద వచ్చినవారు కూడా ఇలాంటి పని చేయకూడదని చెప్పాను. "కలుపు కళ్ళెదుట కనబడుతుంటే చూస్తూ కూర్చోమంటావా?" అని ఒకే ఒక మాట అడిగి, చేతులు దులుపుకుని వెళ్ళి పీకాన్ చెట్టు కింద కూర్చున్నారు. ఆ పూట ఆయన సరిగా అన్నం తినలేదు.

నాన్నను ఆపినవాడిని నేను దిగితే ఎలా? అందుకే గేటు బయటే ఉంటున్నాను, మా వంతు వచ్చేదాకా అక్కడే ఉంటాను.

కృష్ణా కాలువ · జనవరి 13

తమ్ముడూ, నేను తొందరపడి రాశాను, మన్నించండి. మీ నాన్నగారి సంగతి చదివి చాలాసేపు మా ఇంట్లో దాని గురించే మాట్లాడుకున్నాము.

లెక్కల పద్దు · ఇల్లినాయి · జనవరి 14

పన్నుల పని చేసేదానిని కనుక అటువైపు నుండి రెండు విషయాలు చెబుతాను. అమ్మా, మీరు భార్యాభర్తలిద్దరూ కలిసి రిటర్ను వేసినా, సేద్యం ఆదాయ వ్యయాలు చూపే షెడ్యూల్ ఎఫ్ మీ ఒక్కరి పేరు మీదే ఉండాలి. కొందరు లెక్కలు రాసేవారు అలవాటుగా "క్వాలిఫైడ్ జాయింట్ వెంచర్" అని ఎంచుకుని ఆదాయాన్ని ఇద్దరికీ చెరిసగం పంచుతారు. ఆ ఎంపికకు ఇద్దరూ వ్యాపారంలో గణనీయంగా పాల్గొనడం ఒక షరతు. అంటే హెచ్-1బి మీద ఉన్న మనిషి తాను సేద్యం చేస్తున్నానని తన సంతకంతో ప్రభుత్వానికి రాసి ఇచ్చినట్లు అవుతుంది. ఆయన గేటు బయట కూర్చుని పాటించిన నియమమంతా ఆ ఒక్క ఎంపికతో వృథా అవుతుంది. గత ఐదేళ్ళ రిటర్నులు ఒకసారి తీసి చూసుకోండి.

ఆ షెడ్యూల్ మీద మీరు కట్టే 15.3 శాతం స్వయం ఉపాధి పన్ను బరువుగానే ఉంటుంది గాని, అందులో ఎక్కువ భాగం మీ సొంత సోషల్ సెక్యూరిటీ లెక్కలో జమ అవుతుంది. ఏడాదికి నాలుగు క్రెడిట్ల చొప్పున నలభై పూర్తయితే ఆ పెన్షను అర్హత మీదే. వీసా కాగితాలన్నింటిలోనూ ఆయన భార్యగానే కనిపించే మీరు, ఇక్కడ మాత్రం స్వతంత్రంగా రైతుగా నమోదై ఉన్నారు.

ఇప్పుడు మీ మొదటి సందేహానికి వస్తాను. కార్డు లేని రోజుల్లో మీరు పని చేయకూడదు గాని, ఆస్తి ఉండకూడదని, దాని మీద అద్దె రాకూడదని ఎక్కడా లేదు. మన ఊళ్ళలో చేసేదే ఇక్కడా చేయండి, చేనును పాలుకు ఇవ్వండి. మీ భూమి యజమాని ఒప్పుకుంటే ఆ కొద్ది నెలలకు వేరొక రైతుకు ఉపకౌలు రాసి, పంటలో భాగం తీసుకోవచ్చు. కోత, అమ్మకం, కూలి, నిర్ణయాలు అన్నీ ఆ రైతువే కావాలి; మీరు చేనులో దిగకూడదు, ఆర్డర్లు చూడకూడదు. అలా వచ్చే పంటభాగాన్ని షెడ్యూల్ ఎఫ్ మీద కాకుండా ఫారం 4835 మీద చూపుతారు. ఆ ఫారం సేద్యంలో పాల్గొనని భూమి యజమానులు, ఉపకౌలుకు ఇచ్చినవారు పంట రూపంలో అందుకునే అద్దె కోసమే ఉంది. అయితే ఆ పత్రాన్ని మీ కార్డు గడువు తీరాక కాదు, ముందే రాసి సంతకాలు చేయించుకోవాలి. మీ ఇమిగ్రేషన్ లాయరు కూడా ఆ పత్రం చదవాలి.

గోంగూర మడి · జనవరి 15

పద్దు గారూ, రాత్రే రిటర్నులు తీసి చూశాను. 2022 రిటర్నులో ఆ ఎంపిక చేసి ఉంది. వెన్నులో చలి పుట్టింది. దాన్ని సవరించి మళ్ళీ వేస్తున్నాము.

పాలు సంగతి నాకు అసలు తట్టలేదు. మా పక్క చేనులో టమాటా, పుచ్చ వేసే దంపతులు ఉన్నారు. మెక్సికో నుండి వచ్చి చాలా ఏళ్ళ క్రితమే పౌరసత్వం తీసుకున్నారు. మొదటి ఏడాది నా గోంగూరలో ఎర్ర కాయలు చూసి ఆవిడ "హమైకా!" అని ఆశ్చర్యపోయింది. వాళ్ళు ఆ కాయల రేకులను ఎండబెట్టి షర్బత్ చేసుకుంటారు, మొక్క ఒకటే. ఆకు తింటామంటే మొదట నమ్మలేదు. వాళ్ళను అడుగుతాను. కోయడం నేర్పాలి, అంతే. మొక్కను మొదలంటా కోస్తే మళ్ళీ చిగురించదు. నాలుగు వేళ్ళ ఎత్తు కింద ఉంచి, కణుపుకు పైన ఏటవాలుగా కోయాలి.

ఇంకొక మాట. ఇక్కడికంటే ఉత్తరాన గ్రేసన్ కౌంటీలో ఎకరం ధర తక్కువగా ఉంది. మావారు ఎలాగూ ఇంటి నుండే పని చేస్తారు కనుక అక్కడ ఇల్లు, చేను కలిసి వచ్చేలా కొనుక్కోవచ్చా అని కూడా ఆలోచిస్తున్నాము.

పాతకాపు · జనవరి 15

అక్కడ ఒక గుంట ఉంది, చూసి అడుగు వేయండి. ఎల్లిస్ కౌంటీ డాలస్ మహానగర ప్రాంతంలో భాగం. గ్రేసన్ కౌంటీ షెర్మన్-డెనిసన్ అనే వేరే ప్రాంతం కిందికి వస్తుంది. హెచ్-1బి దరఖాస్తులో చూపిన పనిచోటు ఒక మహానగర ప్రాంతం నుండి మరొకదానికి మారితే, మారడానికి ముందే కంపెనీ సవరించిన పిటిషను వేయాలని 2015 ఏప్రిల్‌లో సిమియో కేసులో తీర్పు వచ్చింది. ఇంటి నుండి పని చేసేవారికి ఇల్లే పనిచోటు. చేను కోసం అంత దూరం వెళ్ళి ఇల్లు మార్చి, కంపెనీకి చెప్పకుండా ఉంటే, సేద్యంతో సంబంధం లేకుండానే ఆయన హోదాకు ముప్పు వస్తుంది.

రేగడి బిడ్డ · కాఫ్‌మన్ కౌంటీ, టెక్సస్ · జనవరి 17

భూమి కొనడం గురించి నేను చెబుతాను, ఆ దారిలో నడిచినవాడిని. 2020 అక్టోబరులో, ఏ తేదీల వారి వంతు వచ్చిందో నెల నెలా చెప్పే వీసా బులెటిన్ ఒక్కసారిగా ముందుకు జరిగి ఇబి-3 అనే మరో ఉద్యోగ వర్గంలో 2015 జనవరి 1కి ముందు తేదీ ఉన్న భారతీయులందరికీ ఐ-485 వేసే వీలు కలిగినప్పుడు, ఆ చలికాలంలో వేసినవారిలో మేమూ ఉన్నాము. నేను గ్రీన్‌కార్డు రాకముందే పన్నెండెకరాలు కొన్నాను.

టెక్సస్‌లో హెచ్-1బి మీద ఉన్న భారతీయులు సాగు భూమి కొనడానికి నిషేధం లేదు. 2025 సెప్టెంబరు 1న అమలులోకి వచ్చిన ఎస్‌బి 17 చట్టం చైనా, ఇరాన్, ఉత్తర కొరియా, రష్యా దేశాలకు సంబంధించినది. అయితే గ్రీన్‌కార్డు లేనివారు సాగు భూమి కొంటే 1978 నాటి ఎఎఫ్ఐడిఎ చట్టం కింద విదేశీయులుగా లెక్క. కొన్న 90 రోజుల్లోపు ఎఫ్ఎస్ఎ-153 అనే ఫారం కౌంటీలోని వ్యవసాయ శాఖ ఆఫీసులో ఇవ్వాలి. మరచిపోతే జరిమానా భూమి మార్కెట్ విలువలో 25 శాతం దాకా ఉండవచ్చు. మొత్తం పదెకరాలకు లోపు ఉండి, దాని మీద అమ్మకాలు ఏడాదికి 1,000 డాలర్లు మించకపోతే మినహాయింపు ఉంది గాని, మీ అమ్మకాలతో అది మీకు వర్తించదు. పదేళ్ళ లోపు కౌలుకు ఈ బాధ లేదు. ఇది నాకు రిజిస్ట్రేషను చేయించినవారు చెప్పలేదు, పొరుగు రైతు చెబితే 80వ రోజున పరుగెత్తాను.

అప్పు సంగతి కూడా ముందే తెలుసుకోండి. వ్యవసాయ శాఖ చిన్న రైతులకు ఇచ్చే తక్కువ వడ్డీ రుణాలు పౌరులకు, శాశ్వత నివాసులు మొదలైన కొన్ని అర్హత గల వర్గాలకే. హెచ్-1బి, హెచ్-4 అందులో లేవు. బయటి బ్యాంకు దగ్గరకు వెళ్ళాలి, అక్కడ వీసా గడువు చూసి మొదట ఇవ్వాల్సిన సొమ్ము ఎక్కువ అడుగుతారు. ఇక ఆస్తి పన్నులో సాగు విలువ రాయితీ ఉంది. గత ఏడేళ్ళలో ఐదేళ్ళు ఆ నేలలో సాగు జరిగి ఉండాలి. పాత యజమానికి ఆ రాయితీ ఉన్నా, కొన్నవారు తమ పేరున మళ్ళీ దరఖాస్తు చేయాలి. సాగు మానేసి ఇళ్ళ స్థలంగా మారిస్తే వెనకటి మూడేళ్ళ తేడా పన్ను కట్టాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటి. ఆ భూమి వల్ల మీ గ్రీన్‌కార్డు ఒక్క రోజు కూడా ముందుకు రాదు. మీ వారి ఉద్యోగం పోతే వేరే దారి చూసుకోవడానికి ఉండే 60 రోజుల గడువు మీ హెచ్-4కు, దాని మీది కార్డుకు కూడా వర్తిస్తుంది. నాకు 2023లో ఉద్యోగం పోయింది. అప్పటికి 485 మీద వచ్చిన కార్డు ఉన్నందువల్ల నిలబడగలిగాను. ఆ కార్డు లేకుండా, నెల నెలా భూమి వాయిదాలు పెట్టుకుని ఉంటే ఏమయ్యేదోనని ఇప్పటికీ అర్ధరాత్రి మెలకువ వస్తుంది.

బాదం తోట · ఫ్రెస్నో, కాలిఫోర్నియా · జనవరి 18

బావగారి పేరున కొనడం గురించి ఎవరూ మాట్లాడలేదు కనుక నేను రాస్తున్నాను. నేను ఉంటున్న ఈ రాష్ట్రంలో 1913, 1920 నాటి చట్టాలు పౌరులు కాలేని ఆసియా వారికి సాగు భూమిని దూరం చేశాయి. 1923లో భగత్ సింగ్ థిండ్ అనే ఆయన పౌరసత్వం కేసు తీర్పుతో భారతీయులు కూడా ఆ జాబితాలో చేరిపోయారు. ఇంపీరియల్ లోయలో పత్తి, పుచ్చ పండించిన పంజాబీ రైతులు ఇక్కడే పుట్టిన తమ పసిపిల్లల పేర్ల మీద, తెలిసినవారి పేర్ల మీద భూమి పెట్టుకుని సేద్యం చేశారు. 1946లో పౌరసత్వానికి దారి తెరుచుకునేదాకా అలాగే గడిచింది. వాళ్ళకు వేరే దారి లేక అలా చేశారు.

మీకు దారి ఉంది. ఉన్నప్పుడు మరొకరి పేరు ఎందుకు? బావగారు మంచివారే కావచ్చు, కాని ఆయనకు అప్పులు రావచ్చు, ఆయన పిల్లలకు వాటా రావచ్చు. డబ్బు మీది, పేరు ఆయనది అయితే అసలు యజమానిని దాచినట్లుగా కనిపిస్తుంది, ఆ 153 ఫారం నుండి తప్పించుకోవడానికే చేశారనే అనుమానానికి తావిస్తుంది. చేతిలో ఉన్న శుభ్రమైన కాగితాలను చేజేతులా చెడగొట్టుకోకండి.

ముర్రే ఒడ్డు · బెర్రీ, సౌత్ ఆస్ట్రేలియా · జనవరి 20

మా దేశం లెక్క వేరైనా, పోల్చి చూసుకోవడానికి రాస్తున్నాను. నేను నర్సును. మాకు 491 వీసా ఉంది. 2019 నవంబరులో మొదలైన ఈ వీసా ఐదేళ్ళకు ఇస్తారు. సిడ్నీ, మెల్బోర్న్, బ్రిస్బేన్ వదిలి ప్రాంతీయంగా గుర్తించిన చోట్లనే నివసించాలి, పని చేయాలి. మూడేళ్ళు అలా గడిపి, మూడేళ్ళ పన్ను మదింపు పత్రాలు చూపితే శాశ్వత నివాసానికి 191 వీసా అడగవచ్చు. ఇక్కడ ఏ పని చేయాలన్న కట్టడి లేదు, భార్యాభర్తలిద్దరికీ పూర్తి అనుమతి ఉంటుంది. నా డ్యూటీ లేని రోజుల్లో ఇద్దరం కలిసి అద్దెకు తీసుకున్న రెండెకరాల్లో మెంతికూర, బీర, సొర వేస్తాము. గట్టు మీద కూర్చున్న అన్నగారి మాటలు చదివాక, నిన్న సొరపాదుకు పందిరి కడుతూ మా ఆయన చేతుల వంక చూస్తుండిపోయాను.

కృష్ణా కాలువ · జనవరి 21

వేరొక వీసా మీదకు మారి, సేద్యాన్నే ఆధారం చేసుకునే అవకాశం అసలు లేదా? పెట్టుబడి పెట్టేవారికి ఇ-2, ఇబి-5 వీసాలని వింటుంటాము.

పాతకాపు · జనవరి 21

ఇ-2 ఒప్పందం ఉన్న దేశాల్లో భారత్ లేదు. ఇబి-5కి గ్రామీణ ప్రాంతంలోనైనా 8,00,000 డాలర్లు పెట్టి, పదిమందికి పూర్తికాలపు ఉద్యోగాలు చూపాలి. నాలుగెకరాల గోంగూర పదిమందిని పోషించదు. ఏటా ఉద్యోగ వర్గాలకు ఉన్న సుమారు 1,40,000 కార్డులలో ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి, ఆ వరుసలో ఈ చలికాలం ఇబి-2లో మనవారి వంతు 2013 దగ్గర ఉంది. 2015 మార్చి అంటే చూడడానికి దగ్గరే గాని, ఈ వరుసలో ఏడాది తేదీ ఒక ఏడాదిలో కదలదు. తేదీ వచ్చి 485 వేశాక మాత్రం ఆయనకూ పని కార్డు వస్తుంది. 2025 డిసెంబరు నుండి దాని గడువును గరిష్ఠంగా 18 నెలలకు కుదించారు. ఉద్యోగం మానకుండానే ఆయన ఆ రోజున చేనులో దిగవచ్చు.

గట్టు మీద · జనవరి 21

ఆ చివరి వాక్యం మా నాన్నకు ఫోనులో చదివి వినిపించాను.

గోంగూర మడి · మార్చి 8

మీరందరూ ఇంత శ్రద్ధగా రాశారు కనుక జరిగినది చెప్పడం నా బాధ్యత. మార్చి 3న మూడు దరఖాస్తులూ కలిపి వెళ్ళాయి. 2022 రిటర్ను సవరణ అంతకు ముందే వేశాము. భూమి కొనడం మానుకున్నాము. యజమానితో మాట్లాడి కౌలును మూడేళ్ళకు కొత్తగా రాయించుకుని, అమ్మదలిస్తే ముందు మాకే చెప్పాలన్న షరతు పెట్టించాము. ఆయన ఒక పూట ఆలోచించి సరేనన్నాడు. గ్రేసన్ కౌంటీ మాట ఇక ఎత్తడం లేదు.

పక్క చేను దంపతులు పాలుకు ఒప్పుకున్నారు. ఆగస్టు 31 రాత్రికి నా కార్డు రాకపోతే సెప్టెంబరు 1 నుండి కార్డు వచ్చేదాకా చేను వారిది. ఖర్చులు వారివి, నాలుగో వంతు పంట నాది. లాయరు రెండు చోట్ల దిద్ది ఇచ్చారు. ఆవిడకు కోయడం నేర్పడం జూన్‌లోనే, నా కార్డు ఉన్నప్పుడే, మొదలుపెడతాను.

పత్రాన్ని మావారు తెలుగులో చెబుతుంటే మామగారు ఫోనులో మొదటి నుండి చివరిదాకా విన్నారు. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నీళ్ళు ఎవరు వదలాలో రాయలేదేం?" అని అడిగారు. నిజమే, డ్రిప్పు మీటరు నా పేరున ఉంది, ఆ సంగతి మాలో ఎవరికీ తోచలేదు. ఆ వాక్యం కూడా చేర్చి నిన్న సంతకాలు చేశాము.